రాగీ, సజ్జా, నా తొలి ఆషాఢం

తొలి ఆషాఢంలో కొత్త పెళ్ళాం పుట్టింటికి వెళితే కొందరు విరహంతో చిక్కిపోతారు, కొందరు స్నేహితులతో పేకాటలో పడతారు. నేను మాత్రం ఒక ఎలుక చేతిలో నా పరువు, మా నాన్న పరువు, అత్తగారి ఊళ్ళో మా వంశం పరువు ఒకే దెబ్బకు పోగొట్టుకున్నాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. ఇప్పుడు నాకూ నవ్వే వస్తోంది.

మాది రాయచూరు బజారులో ధాన్యం దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. మా నాన్నకు లోకంలో ఉన్న ఒకే ఒక్క శత్రువు ఎలుక. అలాంటి ఇంటికి కొత్త కోడలు పల్లవి తన సామానుతో పాటు రెండు పంజరాలు దింపించింది. ఒక్కోదాంట్లో ఒక్కో చైనీస్ హ్యామ్‌స్టర్. హైదరాబాదులో చదువుకునే రోజుల నుంచీ పెంచుకుంటోందట. సన్నటి ఒళ్ళు, నల్లపూసల్లాంటి కళ్ళు, వీపు మీద నల్లటి చార, ఉందా లేదా అన్నట్టు పొట్టి తోక. గోధుమరంగుదాని పేరు రాగి, బూడిదరంగుదాని పేరు సజ్జ.

నాన్న కళ్ళద్దాలు సర్దుకొని పంజరంలోకి తొంగి చూశాడు.

"ఏందమ్మా ఇవి?"

"హ్యామ్‌స్టర్లు మామయ్యా. చైనా జాతి."

"ఏ దేశందైతె ఏంది, ఎలుక ఎలుకే గద! మళ్ళ ధాన్యం మింగేటివాటికి ధాన్యం పేర్లా?"

అమ్మ మధ్యలో దూరింది. "పిల్ల ముచ్చటపడి తెచ్చుకున్నది. దుకాణంల అడుగు పెట్టకుంటె చాలు, ఊకో" అని సంధి కుదిర్చింది.

ఆషాఢం రాగానే పల్లవి గబ్బూరుకు, పుట్టింటికి బయలుదేరింది. అక్కడ పిల్లి ఉంది కాబట్టి రాగీ సజ్జా నా పాలబడ్డాయి. బస్సెక్కే ముందు ఆమె వేలు చూపించి మరీ చెప్పింది.

"ఇగో, మంచిగ వినుండ్రి. గింజలే పెట్టాలె. తీపి అస్సలు పెట్టొద్దు, ఈ జాతికి జల్ది షుగరొస్తది. రెంటినీ ఒక్క పంజరంల ఎయ్యొద్దు, కొట్టుకు సస్తయి. ఆడుకునేటందుకు ఏమన్న కొనాలంటె నన్ను అడిగి కొనుండ్రి."

"ఆయ్తు, ఆయ్తు" అని మా ఊరి కన్నడంలో సరే అన్నాను. నా చెవులు ఆమె వైపే ఉన్నాయి గానీ, చెవుల మధ్య ఉండాల్సిన పదార్థం ఆమె కొంగున ముడిపడి బస్సెక్కేసింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త మొగుడు మాటే ఎరగడు.

మర్నాడు పొద్దున వాటి గిన్నెల్లో జొన్నలు, కొర్రలు వేస్తుంటే నా గుండె తరుక్కుపోయింది. పెళ్ళిలో నా చేత కక్కొచ్చేదాకా తీపి తినిపించిన ఇంటి బిడ్డలకు ఎండు జొన్నలా? బెల్లం ముక్క పెట్టాను. ఖర్జూరం పెట్టాను. అమ్మ సజ్జప్పాలు వండితే ఒకటి విరిచి సజ్జకు పెట్టాను. పేరుకు పేరు కలిసింది కదా! అవి బుగ్గలు ఉబ్బించి కుక్కుకుంటుంటే, నా అంత దాత ఈ జిల్లాలో లేడనిపించింది.

ఇక ఆటబొమ్మలు. స్టేషన్ రోడ్డులో పక్షులూ చేపలూ అమ్మే దుకాణానికి వెళ్ళాను.

"హ్యామ్‌స్టర్లు ఆడుకోడానికి ఏమన్న మంచిది చూపియ్యి భాయ్" అన్నాను.

దుకాణదారు పైనుంచి ఒక పంజరం దించి దుమ్ము దులిపాడు. "ఇది తీస్కోండ్రి సాబ్. పంజరం కాదు, మహల్! ఊయల ఉన్నది, మెట్లున్నయి, తీగల చక్రమున్నది. చిలకలు దీంట్లకెళ్ళి బయటికే రావు."

"నావి చిలకలు కావు గద?"

"చిలకలకు రెక్కలుంటయి. అవే బయటికి రావంటె, రెక్కల్లేని ఎలుకలెట్లొస్తయి సాబ్?"

ఈ వాదనకు నేను తల ఊపాను. అవును, ఊపాను. ఊచల మధ్య నా బొటనవేలు సులువుగా దూరింది కూడా. గాలి బాగా ఆడుతుందనుకున్నాను. వ్యాపారి కొడుకును ఇంకో వ్యాపారి ఇంత తేలిగ్గా ముంచిన ఉదంతం మా బజారులో మరొకటి లేదు.

ఇంటికి తెచ్చి మహల్లో దూది పరుపు పరిచాను. అప్పుడు నా కళ్ళు ఆ పాత పంజరాల మీద పడ్డాయి. ఒకటి అటు, ఒకటి ఇటు. పాపం, వీటికీ ఆషాఢమే! రాగి మగవాడని, సజ్జ వాడి ఇల్లాలని అప్పటికే తీర్మానించి ఉన్నాను. ఆధారమా? రాగి మీసాలు కాస్త పొడుగ్గా ఉన్నాయి. ఆలుమగలను కలిపిన పుణ్యం కట్టుకుందామని రెంటినీ మహల్లో వదిలి, ఈల వేసుకుంటూ దుకాణంలోకి వెళ్ళాను.

కాసేపటికి వెనక నుంచి కీచుమని అరుపులు. పరుగెత్తి చూస్తే రాగి ఒక్కటే ఊయల మీద కూర్చుని ఉంది, చెవికి గాటుతో. సజ్జ లేదు. మెట్లూ, చక్రమూ, దూదీ అన్నీ ఉన్నాయి, ఇల్లాలు మాత్రం లేదు.

ఇంట్లో లేకపోతే ఉండాల్సింది ఎక్కడ? దుకాణంలో! బస్తాల మధ్య మోకాళ్ళ మీద పాకుతుంటే, కల్లూరు నుంచి వచ్చిన రైతు ఒకాయన వంగి చూశాడు.

"ఏం ఎదుకుతున్నవ్ తమ్మీ?"

"ఎలుకనన్నా."

"కట్టె తేవాల్నా?"

"అయ్యయ్యో, కొట్టొద్దు! అది నా పెండ్లానిది!"

ఆయన నన్నొకసారి, మా నాన్ననొకసారి చూసి, కొందామని చేతిలోకి తీసుకున్న కందిపప్పు మళ్ళీ బస్తాలో పోసి వెళ్ళిపోయాడు.

నాన్న గొంతు బజారంతా వినబడింది. "మీ తాత కాలంకెళ్ళి ఎలుక లేని దుకాణమని పేరురా మనది! నువ్వు గిరాకీల ముందట ఎలుక పోయిందని ఒర్లుతున్నవ్. ఏం పుట్టుకరా నీది?"

కాళ్ళావేళ్ళా పడితే, ప్రాణం తీయని తీగల బోను ఒకటి ఇచ్చాడు. ఎరగా సజ్జప్పం పెట్టాను. పొద్దున చూద్దును కదా, బోనులో బూడిదరంగు ప్రాణి గజగజ వణుకుతోంది.

"సజ్జా!" అని కేక పెట్టాను.

అమ్మ వచ్చి వంగి చూసింది. "ఏమోరా, దీని తోక పొడుగున్నట్టున్నది."

"భయానికి సాగిందమ్మా."

"మరి వీపు మీద చార ఏది?"

"దుమ్ముల కలిసిపోయింది."

నమ్మదలచుకున్నవాడికి తోకొక లెక్కా, చారొక లెక్కా? ప్రేమగా చెయ్యి పెడితే నా వేలు రక్తం వచ్చేలా కొరికింది. అలిగిందనుకున్నాను. మహల్ మీద నమ్మకం పోయింది కాబట్టి, రాగిని దాని పాత పంజరంలో పెట్టి, సజ్జనూ దాని పాత పంజరంలోనే దూది పరుపు వేసి దించాను. కోపం తగ్గాలని బాదంపప్పు, ఖర్జూరం, సజ్జప్పం పూటపూటకూ సమర్పించాను. పల్లవి వీడియో కాల్ చేస్తే ఆమడ దూరం నుంచి చూపించి, "పండుకున్నయి, లేపకు" అనేవాణ్ణి. రోజురోజుకూ సజ్జ ఒళ్ళు చేసింది. నా పోషణ మరి!

ఒక పొద్దున పంజరంలో ఎర్రటి చిన్న చిన్న పిల్లలు కదులుతున్నాయి. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నేను కలిపిన కాపురం పండింది! మా వాళ్ళూ అత్తగారి వాళ్ళూ అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో వెంటనే కబురు పెట్టాను. "శుభవార్త. మా ఇంట్ల పిల్లలు పుట్టిండ్రు. తల్లీ పిల్లలూ క్షేమం."

క్షణంలో మామగారి ఫోను.

"అల్లుడూ, మా బిడ్డ ఈడ నా ముందట కూసొని చిక్కుడుకాయ ఒలుస్తున్నది. ఆడ పిల్లలు ఎవరికి పుట్టిండ్రు?"

"సజ్జకు మామా!"

"ఆమె ఎవరు?"

వెనక నుంచి మా అత్తగారి శోకం వినిపించింది. అంతలో పల్లవి ఫోను లాక్కుంది.

"సజ్జకు పిల్లలెట్ల పుడతయి?"

"అదేంది, రాగి ఉన్నడు గద!"

"ఉన్నడా? అవి రెండూ అక్కచెల్లెండ్లు!"

"వీడియో పెట్టుండ్రి. దగ్గరికెళ్ళి. తోక చూపియ్యుండ్రి."

చూపించాను. ఆ బాలింత తోక పంజరం ఊచల్లోంచి బయటికి తీరిగ్గా వేలాడుతోంది.

"అది మీ దుకాణంల ఎలుక" అని ఫోను పెట్టేసింది.

ఆషాఢమని కూడా చూడకుండా మధ్యాహ్నానికల్లా తండ్రితో సహా దిగింది. మహల్ను, చక్రాన్ని, దూదిని, సజ్జప్పం తునకలను వరసగా చూసింది.

"తీగల చక్రంల కాలిరికితె ఇరుగుతది. దూది పోగు మెడకు చుట్టుకుంటది. తీపి సంగతి ముందే చెప్పిన."

"మెత్తగుంటదని దూది..." నసిగాను.

"మెత్తగుంటె ఏమైతదో నాకు తెలుసు. నేను మెత్తగున్నందుకే గద గిట్ల చేసిండ్రు."

తర్వాత నలుగురినీ నోరు మూసుకోమని, దుకాణం మూలన కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నేల మీద చల్లింది. చాలాసేపటికి, బస్తాల సందులో పారేసిన అట్టగొట్టం ఒకటి కదిలింది. అందులోంచి సజ్జ తల బయటపెట్టింది. చార చెక్కు చెదరలేదు, తోక పొట్టిగానే ఉంది, బుగ్గల నిండా మా జొన్నలే. మహల్ కాదని పారిపోయి, అట్టగొట్టంలో సొరంగం ఆట ఆడుకుంటోంది. సజ్జప్పం వాసన చూపినా బోను వైపు తొంగిచూడలేదు. స్వేచ్ఛ దొరికాక తీపికి లొంగని ప్రాణి మా ఇంట్లో అదొక్కటే.

పల్లవి దాన్ని గొట్టంతో సహా అరచేతిలోకి తీసుకొని, ఊపిరి ఉందో లేదో చూస్తున్నట్టు చెంపకు ఆనించుకుంది. ఆమె కళ్ళు తడవడం చూసి, మొదటిసారి నాకు నిజంగా సిగ్గేసింది.

ఇక మిగిలింది బాలింత. నాన్న పంజరంలోకి వంగి పిల్లలను లెక్కపెట్టాడు. చివరికి గొణిగాడు. "నా దుకాణంల ఎలుకకు పురుడు పోసినవ్ గదరా! పచ్చి బాలింతను సంపుతమా ఇప్పుడు?" పిల్లలకు కళ్ళు తెరుచుకొని నాలుగడుగులు నడిచేదాకా ఆగి, ఊరి బయట పొలం గట్టు మీద తల్లితో సహా తనే వదిలొచ్చాడు. ఈ సంగతి బజారులో ఎవరికీ చెప్పొద్దని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు.

ఆ రోజు మామగారు వెళుతూ వెళుతూ గడపలో ఆగి నా భుజం తట్టారు. "అల్లుడూ, రేపు దేవుని దయతోని నిజంగనే శుభవార్త ఉంటె, నువ్వు చెప్పకు. మా బిడ్డ చెప్తది."

ఆయన బస్సు ఇంకా కదలకముందే, దుకాణంలో తూకం వేసే తరాజు మీద కుడిచెయ్యి వేసి, ఇంటిల్లిపాది సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట నా భార్యను అడగకుండా ఏ ప్రాణికీ తీపి పెట్టను, ఆటబొమ్మ కొనను. మీసాలు చూసి ఎవరికీ పెళ్ళి చేయను. ఈ జన్మలో ఎవరి కాన్పునూ నా నోటితో ప్రకటించను.

మా పాప పుట్టినప్పుడు ఆసుపత్రి మంచం మీంచి పల్లవే అందరికీ కబురు పంపింది. నేను తలుపు బయట రెండు చేతులతో నోరు మూసుకొని నిలబడ్డాను.