వీపు తట్టే చెయ్యి

2003లో రాజమండ్రిలోని ఒక ప్రైవేటు మానసిక వైద్యశాలలో క్లినికల్ సైకాలజిస్టుగా చేరాను. మాది ఉప్పాడ నేత కుటుంబం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే కావడంతో, పరీక్షల మాన్యువల్‌లో ఉన్నది తు.చ. తప్పకుండా పాటించేవాణ్ణి. పిల్లల్లో ఏకాగ్రత లోపాన్ని, అంటే ఏడీహెచ్‌డీని, నిర్ధారించడానికి తోడ్పడే కంప్యూటర్ పరీక్ష నా బాధ్యత. తెరపై ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. ప్రతి అక్షరానికీ స్పేస్ బార్ నొక్కాలి. ఎక్స్ వస్తే మాత్రం ఆగాలి. నొక్కకుండా వదిలేసినవి పరధ్యానానికీ, ఎక్స్‌కు నొక్కినవి తొందరపాటుకూ సూచనలు. తుది నిర్ధారణ సైకియాట్రిస్టుదే.

ఆ ఏడాదే కడియం నుంచి ఒక నర్సరీ రైతు తన ఎనిమిదేళ్ళ కొడుకు చిన్నినీ, తన తల్లి వీరమ్మగారినీ వెంటబెట్టుకొని వచ్చారు. పిల్లవాడు పాఠం వినడం లేదని, టీసీ తీసుకెళ్ళమని బడివారు చెప్పారట.

"ఇంట్లో బంగారంలా ఉంటాడండి. ఏమీ లేదని ఓ కాగితం రాసిచ్చేయండి, వాళ్ళ మొహాన కొడతాను" అన్నారాయన.

పరీక్ష గదిలో బయటివారు ఉండకూడదు. అయితే నానమ్మ లేనిదే కుర్చీ ఎక్కనని చిన్ని మొండికేశాడు. గది అలవాటవుతుందని ఆ రోజుకు ఆమెను వెనక స్టూలు మీద కూర్చోనిచ్చాను. ఫలితం వయసుకు తగినట్టే వచ్చింది. కానీ ఆవిడ చెయ్యి ఆసాంతం మనవడి వీపు మీదే ఉంది. వాడి చూపు పక్కకు మళ్ళినప్పుడల్లా రెండు వేళ్ళతో మెల్లగా తట్టేది.

మరో రోజు పిలిపించి, ఆమెను వరండాలో కూర్చోబెట్టి పరీక్ష మళ్ళీ చేయించాను. చాలా అక్షరాలు వదిలేశాడు.

"మొన్న బాగానే చేశాడు కదండీ! మీ మిషనేమైనా పాడైందేమో" అన్నారు తండ్రి.

వీరమ్మగారు నవ్వారు. "మిషన్ కాదురా, నేను లేను. తట్టకపోతే వీడు ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోతాడు. మీ నాన్నగారు మాత్రం? మొక్కలకి మోటారు వేసి కట్టేయడం మర్చిపోయేవారు కాదూ!" అని నావైపు తిరిగారు. " దీన్ని కూడా రోగమంటారా బాబూ?"

"పేరు ఏదైనా, బళ్ళో వీడికి తట్టే చెయ్యి లేదండి" అన్నాను.

ఇల్లూ బడీ, రెండూ చెప్పినది నిజమే. టీచరు నింపిన ప్రశ్నావళినీ, ఇంటివారి మాటలనూ, రెండు ఫలితాలనూ కలిపి చూసి సైకియాట్రిస్టు ఏడీహెచ్‌డీ అని నిర్ధారించారు. తండ్రి కోరిన కాగితం దొరకలేదు. ముందు బెంచీలో కూర్చోబెట్టమని, పనిని చిన్న భాగాలుగా ఇమ్మని, దృష్టి మళ్ళితే మెల్లగా తట్టమని బడికి ఉత్తరం రాశాము. ఊళ్ళో చెడ్డపేరు పడుతుందని ఆయన వెనకాడితే, వీరమ్మగారే దాన్ని తీసుకెళ్ళి, ఎక్కడ ఎలా తట్టాలో టీచరమ్మకు మనవడి వీపు మీదే చూపించారు. బడివారు టీసీ మాట మానుకున్నారు. చిన్ని అత్తెసరు మార్కులతో పై తరగతికి వెళ్ళాడు.

తర్వాత ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, ప్రతి పిల్లవాడికీ ఇంట్లో పక్కన ఎవరుంటారో, వారేం చేస్తారో అడిగి తెలుసుకున్నాకే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఆ ప్రశ్న మాన్యువల్‌లో లేదు.