పుంజుకూ పెట్టలకూ ఒకే పళ్లెం

మా పెరట్లో పుంజుకూ పెట్టలకూ ఒకే పళ్లెంలో మేత వేస్తాను. పుంజుకు వేరే గిన్నె లేదు, వేరే గింజా లేదు. ఉదయగిరి నుంచి వచ్చే చుట్టాలు చూసి, "పుంజుని గూడా పెట్టల్లో కలిపేసినావా?" అని నవ్వుతారు. నవ్వుకోనీ. వాళ్ల నవ్వుకు జడిసి మానేసే పని కాదు ఇది. దీని కోసం మా మామతో పోట్లాడి గెలిచాను.

నేను వరికుంటపాడు దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు, అనంతసాగరం పక్కనుండే మా అవ్వ నాలుగు పెట్టలను గంపలో పెట్టి నాతో పంపింది. షేర్ ఆటోలో దారి పొడవునా నా ఒళ్లోనే అరుస్తూ వచ్చాయి. మామకు అప్పటికే ఒక పుంజు ఉంది. మామూలు పుంజు కాదు, కోతపండక్కి దేవుడికిస్తానని మొక్కుకున్నది. మా చర్చిలో ఏటా కోతపండగ రోజున ఎవరి పొలంలో, ఎవరి పెరట్లో కలిగింది వాళ్లు కానుకగా తెస్తారు. బియ్యం, గుమ్మడికాయలు, కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలం వేస్తారు. ఎవరి పుంజుకు పాట ఎక్కువ లేస్తే ఆ ఇంటికి ఏడాదంతా పేరు. దేవుడికిచ్చే దాంట్లో పోటీ ఏమిటని నాకు అనిపించేది గానీ, కొత్త కోడలు అడిగితే చెప్పేదెవరు!

ఆ పుంజుకు వసారాలో వేరే గిన్నె. సజ్జలు, నానబెట్టిన శనగలు, పొద్దున్నే ఉడకబెట్టిన గుడ్డు. ఆ గుడ్డు ఎవరిది? నా పెట్టలదే. అవి గిన్నె వైపు వస్తే మామ వెదురుకర్రతో తరిమేవాడు. వాటికి తవుడూ, అంటుగిన్నెల్లోని మెతుకులూ మిగిలేవి. కొన్నాళ్లకు అవి తోలుగుడ్లు పెట్టసాగాయి. పెంకు గట్టిపడని గుడ్డు, ఎత్తబోతే చేతిలోనే సొట్టపడేది.

"పనికిమాలిన పెట్టలు ఇయ్యి. కోతపండగ లోపల సరైన గుడ్డు పెట్టకపోతే అన్నిట్నీ కోసి కూరొండిస్తా," అన్నాడు మామ.

ఆయన అన్నాడంటే చేసే మనిషి. ఆ ఇంట్లో నావి అని చెప్పుకోడానికి నాకున్నవి ఆ పెట్టలే. వాటిని కూర కానిచ్చేది లేదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

ఆత్మకూరు పోయినప్పుడు బస్టాండు దగ్గరి అంగట్లో గుడ్లు పెట్టే కోళ్ల మేత ఒక మూట కొన్నాను. "ఇది పెట్టలకేమ్మా. గుడ్డు పెంకు కోసరం సున్నం ఎక్కువ కలుపుతారు. పుంజుకి మాత్రం వెయ్యబాక," అని అంగడాయన మరీ మరీ చెప్పాడు. ఇంటికొచ్చి ఆ మాట మామకు చెప్పాను. ఆయన మూట మీదున్న రంగుల కోడిబొమ్మను చూసి మురిసిపోయాడు.

"అంగడి మేత పెట్టలకా? ఎవురన్నా వింటే నవ్విపోతారు. ఆడదానికే ఇంత మేలు చేసేది మొగదానికి ఇంకెంత చేస్తాది!"

"పుంజుకి పడదంట మామా. వెయ్యబాకండి."

"గుడ్డొచ్చి పిల్లని ఎక్కిరించినట్టు ఉండాది నీ యవ్వారం. నువ్వు పుట్టకముందు నించీ కోళ్లు సాకతా ఉండా నేను."

మూట ఆయన మంచం కిందికి పోయింది. "పోనీలే, పెద్దాయన," అన్నాడు మా ఆయన. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఇంట్లో మంచిదని పేరు పడితే చాలు, ఏదైనా ముందు మగవాళ్ల వైపే పోయేది. అది మంచి చేస్తుందా చెడు చేస్తుందా అని చూసేవాళ్లు లేరు.

మూట పోతే పోయింది, చేతులున్నాయి కదా. సెంటర్లో నూడుల్స్ బండి దగ్గర పారేసే గుడ్డు పెంకులు అడిగి తెచ్చుకున్నాను. కడిగి, ఎండబెట్టి, పెనం మీద వేయించి, రోట్లో నలగ్గొట్టాను. చెరువు గట్టున నత్తగుల్లలు ఏరుకొచ్చి వాటినీ దంచాను. ఒక చిప్పలో పోసి పెరటి మూల పెడితే పెట్టలు కావలసినంత తిని పోయేవి. అత్త చూసి ముక్కున వేలేసుకుంది. మెల్లగా గుడ్లు గట్టిపడ్డాయి.

పుంజు మాత్రం నెలల తరబడి ఆ మూట మేతే తిని కాళ్లు వాచి కూలబడింది. కూత కూడా మానేసింది. పండగ దగ్గర పడింది. మామ కర్ర తీసుకుని పెరట్లోకి వచ్చాడు.

"నీ పెట్టల తెగులే దీనికి తగిలింది. ఈ పొద్దే వాటిని కోసేస్తా. ఒమ్మే, కత్తి తే!" అని అత్తను కేకేశాడు.

నేను పెట్టలను గంప కింద మూసి, గంపకు అడ్డంగా కూర్చున్నాను. "ముందు పుంజుని డాక్టరుకి చూపీండి. పెట్టల తెగులే అని ఆయనంటే కత్తి నేనే తెచ్చిస్తా."

ఉదయగిరిలో పశువుల డాక్టరు ఏం వేస్తున్నారని అడిగాడు. మామ గొప్పగా చెప్పాడు. డాక్టరు తల పట్టుకున్నాడు. "పెట్టల మేత పుంజుకి వేసినారా? ఆ సున్నం పడకే దీని కిడ్నీలు దెబ్బతిన్నాయి. అన్నిటికీ మామూలు గింజలే వెయ్యండి. పెంకుల పొడి పక్కన పెడితే కావాల్సినవి తింటాయి." తిరుగుదారిలో మామ పుంజును ఒళ్లో పెట్టుకుని దాని కాళ్లు నిమురుతూ కూర్చున్నాడు. నేను మాత్రం ఆటోలో రెండుసార్లు, "నేను చెప్పినా గదా," అన్నాను. అనకుండా ఎందుకుండాలి?

ఇంటికి రాగానే వసారాలోని గిన్నె తీసి అంట్లలో పడేశాను. పెరటి మధ్య వెడల్పాటి పళ్లెం పెట్టి సజ్జలూ నూకలూ పోసి, గంప ఎత్తాను.

"ఇంక అన్నీ ఇందులోనే తింటాయి. ఆ కర్ర మళ్లీ ఎత్తితే నేనూరుకోను మామా."

పుంజు కుంటుకుంటూ పళ్లెం దగ్గరికి వచ్చింది. ముక్కుతో ఒక గింజ పట్టుకుంది, మింగలేదు. కింద వదిలి, మళ్లీ పట్టుకుని, గొంతులోనే కొక్కొక్కొక్ అంటూ పెట్టలను పిలిచింది. అవి పరుగెత్తుకొచ్చి తింటుంటే పక్కన నిలబడింది. ఆ తర్వాతే తను తల వంచింది. వసారాలో తిన్నన్నాళ్లూ పాపం దానికి పిలవడానికి ఎవరూ లేరు.

"చూసినారా? దానికుండే బుద్ధి మనింట్లో ఎవురికుండాది?" అన్నాను. మామ కర్ర గోడకు ఆనించి లోపలికి పోయాడు.

కుంటిదాన్ని దేవుడికివ్వకూడదు కాబట్టి ఆ ఏడు మా ఇంటి కానుకగా నా పెట్టల గుడ్లు చర్చికి పోయాయి, బుట్ట నిండా. పండగ మధ్యాహ్నం అంగట్లో కోడి తెచ్చి కూర వండాం. మా ఇంట్లో మగవాళ్లు తిని లేచాక, అడుగున మిగిలిన దాంతో అత్తా నేనూ తినడం వాడుక. ఆ రోజు నా పళ్లెం తెచ్చుకుని మామకు ఎదురుగా కూర్చున్నాను. పక్కన అత్తకూ ఒక పళ్లెం వేశాను.

"అందరూ కూర్చుంటే వడ్డించేది ఎవురు?" అన్నాడు మామ.

"చేతులుండేవాళ్లు," అన్నాను.

మా ఆయన గరిటె అందుకున్నాడు. అత్త కాసేపు నిలబడే ఉంది. మామను చూసింది, నన్ను చూసింది. తర్వాత చీర సర్దుకుని కూర్చుని, నేనెన్నడూ వినని గట్టి గొంతుతో కొడుకుతో అంది:

"ఆ తొడముక్క ఇట్లా ఎయ్‌రా."