పైన వేడి, అడుగున చలి

అక్టోబరు రాగానే మావిస్ గ్రీన్‌వుడ్ వెనక గది తలుపు మూసి, కింది సందులో పాత దుప్పటి కుక్కేసేది. మళ్ళీ తీసేది ఈస్టరుకే. ఆ గదిని వెచ్చబెట్టే వేడినీళ్ళ రేడియేటరు సరిగా వేడెక్కక మూడు చలికాలాలైంది. ఆమె భర్త క్లిఫర్డ్ పోయి కూడా అంతే. ఆయన కుర్చీ, ఆయన రేడియో, ఆయన రోజూ చూసే రైలు వంతెన కనిపించే కిటికీ అన్నీ ఆ గదిలోనే. ఆర్నెల్లపాటు మనిషి గోడకు అవతలే ఉన్నట్టూ, తనే వెళ్ళలేనట్టూ ఉండేది ఆమెకి.

ఈ ఏడు తలుపు మూయలేదు. హీటింగు బాగుచేసే డెరిక్ సట్‌క్లిఫ్‌కి కబురు పెట్టింది.

ఇంగ్లండులోని హాలిఫాక్సు తివాచీల మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు చిక్కుముళ్ళు విప్పిన మనిషి మావిస్. క్లిఫర్డ్ అక్కడే మగ్గాలు బాగుచేసేవాడు. ఇంట్లో హీటింగు పెట్టించింది మొదలు, ప్రతి ఆదివారం భోజనం కాగానే గడియారం పక్క మేకుకున్న చిన్న ఇత్తడి తాళంచెవి తీసేవాడు. జాము సీసా పట్టుకుని మావిస్ వెనకాలే నడిచేది. రేడియేటరు మూల చెవి తిప్పితే బుస్సుమని గాలి, ఆపైన సీసాలోకి నాలుగు నీటి చుక్కలు. అలా ఏడు రేడియేటర్లూ అయ్యాక నీళ్ళు కాచే బాయిలరు కింద కుళాయి విప్పి కొత్త నీళ్ళు పట్టేవాడు.

"ఇల్లు ఊపిరి పీల్చుకుంది. ఇంక టీ పెట్టు," అనేవాడు.

ఆయన పోయాక చెవీ సీసా రెండూ ఆమే పట్టుకుంది. ఒక్క ఆదివారం తప్పలేదు.

డెరిక్ వెనక గదిలో మోకాళ్ళ మీద కూర్చుని రేడియేటరు పైనా అడుగునా అరచెయ్యి ఆనించి చూశాడు.

"పైన కాస్త నులివెచ్చగా ఉంది, అడుగు మంచుగడ్డ. గాలైతే పైన చల్లబడుతుంది బంగారం. ఇది మడ్డి." ఆ ఊళ్ళో మగాళ్ళందరిలాగే అతనికీ ఆడవాళ్ళంతా బంగారాలే.

రేడియేటరు విప్పి పెరట్లోకి మోసుకెళ్ళి వంచాడు. కాటుక కలిపినట్టు నల్లటి నీళ్ళు.

"నా గులాబీ మొక్క మీద పొయ్యకు!"

"మా ఆవిడ పెట్టే టీ కంటే నయమే, ఏం కాదు లెండి."

పొద్దుగూకే దాకా పంపు పెట్టి గొట్టాలన్నిట్లో నీళ్ళు తిప్పుతూనే ఉన్నాడు. రబ్బరు సుత్తితో రేడియేటర్లను దబదబ బాదుతూ ఉన్నట్టుండి ఆగాడు.

"ఇందులో కొత్త నీళ్ళెవరు పడుతున్నారు?"

"నేనే. వారం వారం. క్లిఫర్డ్ పట్టినట్టే."

డెరిక్ తల గోక్కున్నాడు. "కొత్త నీళ్ళు పడ్డప్పుడల్లా లోపల ఇనుము తుప్పెక్కుతుంది. ఆ తుప్పే ఈ మడ్డి. లోపలున్న నీళ్ళను వాటి మానాన వదిలెయ్యాలి."

"అంటే... చేసింది ఆయనేనా?"

"ఈ వీధిలో అందరూ అంతే. మా నాన్నయితే బుధవారం కూడా చేసేవాడు, భక్తి ఎక్కువై." అతను గొంతు తగ్గించాడు. "తుప్పు పట్టకుండా మందు పోశాను. మళ్ళీ నీళ్ళు పట్టారా, అదీ పల్చబడిపోతుంది. ఆ చెవి ఇటిచ్చెయ్యండి, డబ్బాలో పడేస్తా."

మావిస్ చెవిని మేకు మీంచి తీసి పిడికిలి బిగించింది. "మేకుకుంటే నిన్నేమైనా కరుస్తుందా?"

"చెవి కరవదు. మీ చెయ్యే ఊరుకోదు."

గది కావాలంటే ఆదివారాలు వదులుకోవాలి. ఇన్నాళ్ళూ ఆయన వెంట నడుస్తున్నాననుకుంటూ ఆయన గదికి తన చేత్తోనే చలి పోసింది. చెవి మాత్రం ఇవ్వలేదు.

ఆదివారం భోజనమయ్యాక చెయ్యి మేకు దగ్గరికి దానంతటదే వెళ్ళింది. చెవీ సీసా పట్టుకుని బయల్దేరింది. ఒక్కో రేడియేటరు దగ్గరా వంగి, పైనొకసారి, అడుగునొకసారి అరచెయ్యి ఆనించింది. తిప్పలేదు.

ఏడోది వెనక గదిలో. పైనా వేడే. అడుగునా వేడే. వేడికి కుర్చీ ఉన్నిలోంచి క్లిఫర్డ్ కాల్చిన పైపు పొగాకు వాసన మెల్లగా లేచింది. మూడు చలికాలాలుగా చల్లటి గుడ్డలో ముడుచుకుని ఉన్న వాసన.

మావిస్ ఆ కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో చెవి, చేతిలో ఖాళీ సీసా. వంతెన మీద రైలు వెళ్ళిపోయింది.

"ఇవాళ టీ నువ్వు పెట్టు," అంది, ఎవరూ లేని గదిలో.