ఎవరి పక్కన ఎవరు

ఆ రోజుల్లో లోకాన్ని బాగుచేయడం ఒక సాయంత్రం పని అనుకునేవాళ్ళం. నందిగామలో సైకిల్ షాపు మీది గదిలో మా యువజన సంఘం ఉండేది. అధ్యక్షుడు మా బాబాయి (ఆయనకి నలభై దాటాయి కానీ, మీరింక యువకులు కారని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది). నేను అప్పుడే గుమాస్తాగా చేరి, జీతంతో పాటు ఆదర్శాలు కూడా అందుకుంటున్నాను. ఆ ఏడు సంఘంలో కులభేదం ఉండరాదని ఏకగ్రీవంగా తీర్మానించి, వార్షికోత్సవానికి సహపంక్తి భోజనం పెట్టాం. ఒకే కులంవాళ్ళు గుంపుగా కూర్చోకుండా వరసలు సర్దే పని బాబాయి నాకు అప్పగించాడు. ఊళ్ళోవాళ్ళ సంగతి సరే, బదిలీ మీద వచ్చిన ఉద్యోగుల్ని కలపాలంటే ముందు ఎవరేమిటో తెలియాలి కదా. కులం లేదనిపించడానికి కనిపించిన ప్రతివాడి కులమూ కనుక్కోవలసి వచ్చింది నాకు.

పోస్టాఫీసులో కొత్తగా చేరినతన్ని స్టాంపులాయన అనేవాళ్ళం. నా వయసే, చందర్లపాడు వైపు ఊరు. సూటిగా అడగడానికి నోరు రాక, మీ ఇల్లు ఊళ్ళో ఎటువైపన్నాను. రోడ్డు పక్కనేనన్నాడు. పండగకి ఏం వండుకుంటారన్నాను. గారెలన్నాడు (గారెలు ఎవరు వండుకోరు?). మీ నాన్నగారి పూర్తి పేరేమిటన్నాను. అతను కొడుతున్న ముద్ర ఆపి పక్కన పెట్టాడు.

“మీకు నా కులం కావాలా అండీ?”

“అబ్బే, కులం లేదని చెప్పడానికేనండీ,” అన్నాను.

“మాది హరిజనవాడ. ఇప్పుడు నన్నెక్కడ కూర్చోబెడతారు?”

“మధ్యలోనండీ,” అన్నాను, బహుమతి ప్రకటిస్తున్నవాడిలా.

“మధ్యలో ఉక్కగా ఉంటుందండీ. నేను తలుపు దగ్గర కూర్చుంటా. గాలొస్తుంది.”

బాబాయికి చెబితే తల పట్టుకున్నాడు. అతన్ని గుమ్మం దగ్గర కూర్చోబెడితే ఊరు మనల్ని ఏమంటుందని ఆయన. వద్దన్నవాణ్ణి మధ్యలో కుదేస్తే అదేం సమానత్వమని నేను. ఎంత వాదించుకున్నా ఇద్దరికీ ఏదీ తేలలేదు.

భోజనాల వేళకి అతను అన్నట్టే వచ్చి తలుపు దగ్గర కూర్చున్నాడు. చందాలిచ్చిన పెద్దలు ఒక్కొక్కరే లోపలికొచ్చి, పంక్తిని ఒకసారి చూసి, తమకి ఆ రోజు ఉపవాసమని చెప్పి వెనక బెంచీల మీద సర్దుకున్నారు (ఏకాదశి కాదు, సోమవారమూ కాదు, అదేం ఉపవాసమో ఇంటికెళ్ళి పంచాంగం తిరగేసినా అంతుచిక్కలేదు). స్టాంపులాయనకి రెండు పక్కలా వడ్డించిన విస్తళ్ళు అలాగే ఉండిపోయాయి. అతను అన్నం కలపకుండా తల వంచుకుని కూర్చున్నాడు. నా వరసల లెక్క ఎటుపోయిందో, వెళ్ళి అతని పక్కన చతికిలబడ్డాను. రెండో పక్క ఇంకా ఖాళీయే. గోడవార ఆడవాళ్ళతో నిలబడ్డ మా పిన్ని (తీర్మానంలో ఆడవాళ్ళ ఊసే మరిచిపోయాం) బాబాయి వంక చూసి, “అన్నం చల్లారిపోతోందండీ,” అని వచ్చి అక్కడ కూర్చుంది. ఆమె వెనకే తక్కిన ఆడవాళ్ళూ వచ్చారు. అభినందించాలో ఆక్షేపించాలో తెలియక బాబాయి సాంబారు గరిట అందుకున్నాడు. వేపుడు వాసనకి కాబోలు, పెద్దల్లో ఒకరిద్దరి ఉపవాసం రెండో పంక్తి వేళకి ముగిసింది.

ఆ తరవాత ఒక ఆదివారం స్టాంపులాయన నన్ను వాళ్ళ ఊరికి భోజనానికి తీసుకెళ్ళాడు. వాళ్ళమ్మ నన్ను చూసి కంగారుగా కుర్చీ తెచ్చి అరుగు మీద వేసింది. ఏమనుకుందో, దాన్ని లోపలికి తీసుకెళ్ళింది. మళ్ళీ బయటికి తేబోయి, కుర్చీతో సహా గడప దగ్గర ఆగిపోయింది.

“ఎక్కడ కూర్చుంటారు బాబూ?” అంది. నిజంగా తెలియకే అడిగింది.

“మీరు రోజూ తినేచోటేనమ్మా.”

ఆవిడ కాసేపు నన్నూ కొడుకునూ మార్చిమార్చి చూసి, కుర్చీ వదిలేసి, పొయ్యి పక్కన పీట వాల్చింది.

ఇప్పుడు ఏ సన్మానానికి పిలిచినా వేదిక మెట్లెక్కకముందే, నా కుర్చీ ఏ వరసలో వేశారో, పక్కన ఎవరో అని కళ్ళు వెతుకుతాయి. అప్పుడు పొగకి కళ్ళు నులుముకుంటూ, పీట మీంచి లేవకుండా మారు కూర అడిగిన ఆ గుమాస్తా కుర్రాడు గుర్తొస్తాడు. శాలువా సర్దుకుంటున్న ఈ పెద్దమనిషిని చూసి నాలో నేనే నవ్వుకుంటాను.