ఒకే చోట చీలిన అక్షరాలు

పదకొండేళ్ల కిందట, ఒక దినపత్రిక విశాఖపట్నం ఎడిషన్‌లో డిజైన్ విభాగం చీఫ్‌గా ఉన్నప్పుడు, పతాక శీర్షికల కోసం కొత్త ఫాంట్ తయారుచేసే పని నాకు అప్పగించారు. అక్షరం లావుగా ఉండాలి, అంచులు గరుకుగా ఉండాలి అన్నారు ఎడిటర్ గారు. అలాంటిది నేను అప్పటికే రెండేళ్లు కూర్చుని గీసి పెట్టుకున్నాను. దానికి నా పేరే పెడతారని ఇంట్లో చెప్పుకున్నాను కూడా.

ఎడిటర్ గారు చూసి బాగుందన్నారు. మర్నాడు వన్ టౌన్‌లో ఒక తాళ్ల దుకాణం షట్టర్ మీది రాతను ఫొటో తీసుకొచ్చి, ఇదిగో ఇలా కావాలన్నారు. అది రాసింది సులేమాన్ అనే బోర్డుల పెయింటర్. అరిగిపోయిన బ్రష్‌ను సగం ఆరిన రంగులో ముంచి లాగేవాడు, గీతల్లో అక్కడక్కడా చీలికలు పడేవి. నాకు కడుపు మండిపోయింది. నా అక్షరాలకు లేని బలం వాటికి ఉందని చూడగానే తెలిసింది, మంట అందుకే.

ఎడిటర్ గారు పిలిపించి అడిగితే సులేమాన్ ప్రతి అక్షరాన్నీ మూడేసి సార్లు రాసి తెచ్చాడు. “ఒక సెయ్యి రెండుసార్లు ఒకేలాగ రాయదు కదా సార్” అన్నాడు. గరుకు ఫాంట్లకు ప్రాణం అదే. ఆ కాగితాలను స్కాన్ చేసి, ఒక అక్షరం మళ్లీ వచ్చినప్పుడు రెండో రూపం, ఆ తర్వాత మూడో రూపం పడేలా ఫాంట్‌లో ఆదేశాలు రాయాలి. లేకపోతే రబ్బరు స్టాంపు గుద్దినట్టు ఉంటుంది. ఇదంతా తెలిసే నేను అక్షరానికి ఒక్క రూపమే ఎక్కించాను. మా పేజీల సాఫ్ట్‌వేర్ మూడు రూపాలను తీసుకోదని ఎడిటర్ గారికి అబద్ధం చెప్పాను. ఆయన నమ్మారు. ఫాంట్‌కు ‘సులేమాన్’ అని పేరు ఖాయం చేశారు.

మొదటి రోజు ఫిషింగ్ హార్బర్ వార్తకు ‘అలల పాలైన వలలు’ అని శీర్షిక పెట్టారు. పొద్దున్నే సులేమాన్ గోపాలపట్నంలోని మా ఆఫీసుకు వచ్చాడు. పేపరును ఎడిటర్ గారి బల్ల మీద పరిచి, ఒక్కో ‘ల’ మీదా వేలు పెట్టాడు.

“ఏటి సార్ ఇది? అన్నిటికీ ఒకేకాడ సీలిపోయిందేటి? నాను మూడు రకాలు రాసిచ్చినాను కదా. ఇది సూత్తే వన్ టౌన్ పెయింటర్లందరూ నవ్వుతారు. నా పేరు తీసెయ్యండి.”

ఎడిటర్ గారు నా వైపు చూశారు. సాఫ్ట్‌వేర్ సంగతి మళ్లీ చెప్పాను. ఈసారి నా గొంతు నాకే నచ్చలేదు. సులేమాన్ తన కాగితాలు అడిగి తీసుకుని వెళ్లిపోయాడు. తయారుచేసింది మీరే కదా, మీ పేరే పెట్టండి అన్నారు ఎడిటర్ గారు.

నేను రిటైరయ్యే దాకా ఆ ఫాంట్‌ను నా పేరుతోనే వాడారు. కోరుకున్నది అదే. కానీ ఏ శీర్షిక చూసినా, ఒకే చోట చీలిన అక్షరాలే ముందు నా కంట పడేవి. పక్కవాడి పనిలోంచి మంచిని తీసేస్తే ఆ మంచి మనకు రాదు. మనం చేసిన లోపం మాత్రం మన పేరు మీదే ఉండిపోతుంది.