నీడ కనబడలేదు

పోయిన మంగళవారం పొద్దున, నాతో కాలేజీలో చదువుకున్న స్నేహితురాలు ఫోన్ చేసి "మాస్టారు లేరే" అంది. ఎలా పోయారు, ఎప్పుడు పోయారు అని అడగాలి కదా, అడగలేదు. "లేరు" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఆ మాటను ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో నాకు నేర్పింది ఆయనే. ఆ పాఠం నాకు సులువుగా రాలేదు. ఆయన మీద కొన్ని నెలలపాటు కోపంగా కూడా ఉన్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

రాయపూర్‌లో బి.ఎస్సీ. మొదటి ఏడాది మాకు ఖగోళశాస్త్రం చెప్పారాయన. ఊరు విజయనగరం వైపు. క్లాసులో హిందీ మాట్లాడేవారు, బయట మాలాంటి రైల్వే వాళ్ల పిల్లలు కనబడితే తెలుగు. ఆ సబ్జెక్టు పేరు విని, శని చుట్టూ వలయాలు చూపిస్తారని ఆశపడి చేరిన వాళ్లలో నేనొకదాన్ని. మొదటి రోజు ఆయన గుఢియారీ బజార్లో ఇనుప సామాన్ల కొట్టులో కొన్న మీటరు పొడుగు ఊచ పట్టుకుని క్లాసుకొచ్చారు. ఏడాదంతా ఇదే మన పరికరం అన్నారు. మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

ఆ ఊచను కాలేజీ మేడ మీద పాతి, తాపీ మేస్త్రీ వాడే దారం గుండుతో అది నిటారుగా ఉందో లేదో చూసేవారు. మధ్యాహ్నం పూట దాని నీడ కొలిచి రికార్డులో రాయాలి. మేమూ ఇళ్ల దగ్గర ఒక ఊచో కర్రో పాతుకుని రోజూ కొలవాలి. పిల్లలందరూ ఆయన్ని 'ఛాయా సర్' అనేవారు. ఆయనకా సంగతి తెలుసు. మబ్బు పట్టిన రోజు అందర్నీ క్యాంటీన్‌కు తీసుకెళ్లి, "ఛాయా నహీ మిలీ తో క్యా, చాయ్ తో మిలేగీ" అని తనే నవ్వేవారు. నీడ దొరక్కపోతేనేం, టీ దొరుకుతుందిగా అని. ఆ జోకు ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవారట. ప్రతిసారీ కొత్తగా నవ్వేవారట.

రాయపూర్ కర్కట రేఖకు దక్షిణాన ఉంది. అందుకని ఏడాదిలో రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. నిటారుగా ఉన్న ఊచకు ఆ నిమిషంలో నీడ ఉండదు. ఒకటి మే చివర్లో వస్తుంది, రెండోది జులై మధ్యలో. మేలో కావలసినంత ఎండ, కానీ కాలేజీకి సెలవులు. జులైలో కాలేజీ ఉంటుంది, ఆకాశం నిండా మబ్బులే. జులైలో నీడ మాయమవడం ఆయన ఒక్కసారీ చూడలేదు. అయినా ఏటా ఆ రోజు పిల్లల్ని వెంటబెట్టుకుని మేడ ఎక్కేవారు.

మా ఏడు ఆ రోజు నేను రాయపూర్ దగ్గరే ఉన్న తిల్దాలో పిన్ని ఇంట్లో ఉన్నాను. పెరట్లో కర్ర పాతాను గానీ పొద్దుటి నుంచీ ముసురు వదల్లేదు. కాలేజీలో చేరి రెండు వారాలు కాలేదు. పరీక్ష తప్పితే చదువు మాన్పించి టైపింగులో చేర్పిస్తానని నాన్న ముందే చెప్పేశాడు. ఖాళీ రికార్డు చూపిస్తే మార్కులు పోతాయని భయం వేసింది. మాస్టారు క్లాసులో చెప్పిన సమయమే వేసి, "పన్నెండూ పది. నీడ లేదు" అని రాసేశాను.

రికార్డు చూసి ఆయన నన్ను స్టాఫ్ రూముకు పిలిచారు.

"ఏటమ్మా, తిల్దాలో ఎండ కాసిందా?"

"నీడ లేదు మాస్టారూ. నిజంగానే లేదు" అన్నాను. ముసురులో కర్రకు నీడెక్కడిది? అబద్ధం ఆడలేదని నా ధీమా.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నీడ లేకపోడం వేరు, కనబడకపోడం వేరు. మీ నాన్న గార్డు కదా. పొగమంచులో సిగ్నల్ కనబడకపోతే, సిగ్నల్ లేదని రాస్తాడా తన పుస్తకంలో?"

నాన్నకు చెప్పొద్దని బతిమాలాను. ఆయన రికార్డును నా వైపు తిప్పారు. రాసింది రబ్బరుతో చెరపవద్దనీ, ఒక్క గీతతో కొట్టేసి, కింద "మబ్బు. కనబడలేదు" అని రాయమనీ అన్నారు. కొట్టేసింది కూడా చదవడానికి వీలుగా ఉండాలట. నాకు తల కొట్టేసినట్టయింది.

భయపడినట్టే, ప్రాక్టికల్ పరీక్షకు బయటి నుంచి వచ్చినాయన సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగి ఇదేమిటని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మాస్టారు పక్కనే కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, ఒక్క మాట సాయం రాలేదు. బొటాబొటి మార్కులతో గట్టెక్కాను. చదువు నిలిచింది గానీ ఆయన ఎదురుపడితే పక్కకు తప్పుకునేదాన్ని.

ఆ మే చివర్లో ఆయన నాన్నకు కబురు పెట్టారు, ఫలానా రోజు పన్నెండు లోపల అమ్మాయిని కాలేజీకి తీసుకురమ్మని. నిజం బయటపడే రోజు వచ్చిందనుకున్నాను. నాన్న డ్యూటీ గడియారంతో సహా బయల్దేరాడు. సెలవుల్లో, ఆ మండుటెండలో, మాస్టారు తల మీద తడి తువ్వాలు వేసుకుని మేడ మీద మాకోసం కాచుకుని ఉన్నారు. ముగ్గురం ఊచ చుట్టూ నిలబడ్డాం. నాన్న బండి వదిలేటప్పటి గొంతుతో నిమిషాలు చెబుతున్నాడు. నీడ వేలెడు, అర వేలెడు, గోరంత అయింది. పన్నెండు దాటగానే ఊచ మొదట్లోకి వెళ్లిపోయింది. మా నీడలు మా చెప్పుల కింద ఉన్నాయి.

"ఇప్పుడు రాయి" అన్నారు మాస్టారు. రాశాను. అప్పుడాయన నాన్న వైపు తిరిగి, "మీ అమ్మాయి రికార్డు శుభ్రంగా రాస్తుందండీ" అన్నారు, అంతే. నాన్న మొహం వెలిగిపోయింది. నేను తల ఎత్తలేకపోయాను. చెమట తుడుచుకుంటున్నట్టు కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పుడు నేనూ ఒక బడిలో సైన్సు చెబుతున్నాను. నా పిల్లల రికార్డుల్లో కొట్టివేతలు చాలా ఉంటాయి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు మూతి విరుస్తుంటారు.

నిన్న మాస్టారి ఇంటికి వెళ్లాను. రిటైరయ్యాక ఆ ఊచను తెచ్చి ఇంటి మేడ మీదే పాతుకున్నారు. నిన్న ఆ జులై రోజే. మాస్టారి భార్యకు, మా అమ్మగారికి, తేదీ గుర్తుంది. ఆవిడే మాస్టారి నోటు పుస్తకం, పెన్సిలు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఈ ఏడు నువ్వు రాయమ్మా" అన్నారు. ఇద్దరం ఒకే గొడుగు కింద మేడ ఎక్కాం. సన్నగా జల్లు పడుతోంది. పుస్తకం తిప్పాను. ప్రతి జులైలోనూ ఆయన గుండ్రటి అక్షరాల్లో అదే వాక్యం, పక్కన ఆ ఏడు మేడెక్కిన పిల్లలెంతమందో.

పన్నెండూ పది అయింది. పెన్సిలు పేజీ మీద పెట్టాను. జీవితమంతా ఎదురుచూసినా జులైలో దొరకనిది ఆయనకు ఈ ఒక్కసారి ఇచ్చెయ్యాలనిపించింది. "నీడ లేదు" అని రాస్తే అడిగేవాళ్లెవరు?

"మబ్బు. కనబడలేదు. ఇద్దరం" అని రాశాను.

ఏం రాశావని అమ్మగారు అడిగారు. "కనబడలేదని" అన్నాను. ఆవిడ తల ఊపి, వంగి, ఊచ మీది నీళ్లను చీర చెంగుతో కింద దాకా తుడిచారు. అది మళ్లీ తడిసింది. ఆవిడ మళ్లీ తుడిచారు.