అందరికీ సరిపడే కోటు

ఆ నాలుగంతస్తుల బిల్డింగులో టైలరమ్మ చెయ్యి పడని బట్ట లేదు. ప్యాంటు పొడుగైనా, పిల్లల యూనిఫాం పొట్టిదైనా అందరికీ ఆవిడే దిక్కు. మొగుడు లారీ తోలి, తాను రాత్రనక పగలనక మిషను తొక్కి, ఇద్దరూ కలిసి రెండు గదుల ఫ్లాటు కొనుక్కున్నారు. మొగుడు పోయాక ఆవిడకి మిగిలినవి ఆ ఫ్లాటూ ఆ మిషనూ. ఫ్లాట్లో పని చేసుకోవాలంటే ఓనర్ల అసోసియేషన్ అనుమతి కావాలి. ఇచ్చారు. ఊరికే ఇవ్వలేదు, ఒక కోటు కుట్టించుకున్నారు.

చేతుల్లేని పసుపు కోటు. వీపు మీద ఎర్రదారంతో 'తనిఖీ' అన్న అక్షరాలు. బిల్డింగులో నిబంధన మీరినవాళ్లు దాన్ని తొడుక్కుని పొద్దునా సాయంత్రం మెట్లన్నీ ఎక్కిదిగాలి. తప్పు చేసిన ఇంకొకర్ని పట్టుకుని ఫొటో తీసిస్తేగాని అది ఒంటిమీంచి దిగదు. అంతదాకా వాళ్ల అనుమతులన్నీ బందు.

"జరిమానా వేస్తే జనం తిట్టుకుంటారు. ఇదైతే మనల్ని మనమే దిద్దుకున్నట్టు" అనేవారు సెక్రటరీగారు. ఓడరేవులో సరుకులు తనిఖీ చేసి రిటైరయిన మనిషి. ఒకరి మెడ ఇంకొకరి చేత నొక్కించే ఏర్పాటుకి ఎంత చక్కని పేరు!

టైలరమ్మకి అప్పట్లో అదేం తట్టలేదు. బక్కవాళ్లకీ లావువాళ్లకీ సరిపోయేలా కోటు పక్కల నాడాలు పెట్టానని మురిసిపోయింది.

ఆ నాడాలు తన నడుముకే కట్టుకునే రోజు వచ్చింది. ఇల్లు తుడిచిన గుడ్డ బాల్కనీ గ్రిల్లు మీద ఆరేసి మర్చిపోయింది. ఎదురు ఫ్లాటు లెక్చరరు ఫొటో తీశాడు. కోటు విప్పి చేతికిస్తూ ఆవిడ మొహం చూడలేకపోయాడు.

"ఏమనుకోకండి టైలరమ్మా. నా ట్యూషన్లు ఆగిపోయాయి. ఇంట్లో గడవాలిగా."

"మీరేం చేస్తారు సార్" అంది ఆవిడ. నిజంగానే అలా అనుకుని అంది.

ఆ సాయంత్రమే సెక్రటరీగారు వచ్చి మిషను చక్రానికీ బల్లకీ కలిపి అసోసియేషన్ స్టిక్కరు అంటించి పోయారు. పక్కనే స్కూలు యూనిఫాంల గుడ్డ గుట్టగా పడి ఉంది. స్కూళ్లు తెరిచేలోపు కుట్టి ఇవ్వకపోతే ఆ పని ఇంకో టైలరుకి పోతుంది. పోయిందంటే మళ్లీ రాదు.

అయినా మొదట్లో ఆవిడ ఎవర్నీ పట్టించలేదు. తలుపు తలుపుకీ వెళ్లి, "చెప్పులు లోపల పెట్టుకోండమ్మా, నేను చూళ్లేదనుకుంటా" అని చెప్పింది. "టైలరమ్మ కాబట్టి సరిపోయింది, ఇంకొకరైతే పీక కోసేవారు" అని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుని జాగ్రత్తపడ్డారు. ఆవిడ చెప్పుల చప్పుడు మెట్ల మీద వినపడితే చాలు, బకెట్లు, గొడుగులు, తడి తువ్వాళ్లు అన్నీ లోపలికి మాయం. వరండాలు అద్దాల్లా మెరిశాయి. తన మంచితనంతో తానే తప్పన్నది లేకుండా చేసుకుంది పిచ్చితల్లి.

స్కూలు మేనేజరు ఫోన్ చేశాడు. "సోమవారం దాకా చూస్తానమ్మా. ఆ తర్వాత గుడ్డ వెనక్కి పంపించెయ్యండి."

మర్నాటి నుంచి టైలరమ్మ చెప్పులు విప్పేసి, చప్పుడు కాకుండా మెట్లెక్కడం మొదలుపెట్టింది. తలుపుల పక్కన ఊపిరి బిగబట్టి నిలబడింది. నిన్న తాను హెచ్చరించినవాళ్ల గుమ్మాల్లోనే ఇవాళ ఒక చెప్పుల జత కోసం వెతికింది. ఒక్కటీ దొరకలేదు.

ఆవిడకి భయపడకుండా, ఏదీ దాచకుండా ఉన్నది ఒక్క పిన్నే. పిన్ని అంటే చుట్టరికం లేదు. పై అంతస్తులో ఒంటరిగా ఉండే రిటైర్డ్ నర్సు. టైలరమ్మ మొగుడు మంచం పట్టినప్పుడు పక్కన కూర్చుని అన్నీ చూసిన మనిషి. ఇప్పుడు ఆవిడ మోకాళ్లు పోయాయి. లిఫ్టు లేని బిల్డింగు. మూడో అంతస్తు మలుపులో ఒక మడత కుర్చీ వేసుకుని, కాసేపు కూర్చుని, మిగతా మెట్లెక్కేది. మెట్ల మీద ఏ సామానూ ఉండకూడదన్నది నిబంధన. కుర్చీ మీది కుషన్ టైలరమ్మే కుట్టింది, మిగిలిన పీలికలతో.

శనివారం సాయంత్రం ఆ మలుపులో పిన్ని ఎదురైంది. చూడగానే లేచింది.

"కూర్చోవే పిల్లా. నీ మొహం చూడు, పిండేసిన గుడ్డలా ఉంది."

"వద్దులే పిన్నీ, నువ్వు కూర్చో."

"నోర్మూసుకుని కూర్చో. నేను మెల్లిగా ఎక్కుతా. వచ్చేటప్పుడు కుర్చీ పట్టుకొచ్చెయ్."

టైలరమ్మ కూర్చుంది. పిన్ని పైకి వెళ్లి తలుపేసుకున్న చప్పుడు వినపడేదాకా కూర్చుంది. తర్వాత లేచి, రెండు మెట్లు దిగి, ఫోన్ తీసి, కుర్చీకి ఫొటో తీసింది.

ఫొటో చూసి సెక్రటరీగారు నవ్వారు. "కుషన్ మీ పనితనమేగా? కుట్టు చూస్తేనే తెలుస్తోంది. భలే ఉంది!" తానే దగ్గరుండి మిషను మీది స్టిక్కరు పీకేశారు. కుర్చీ స్టోర్ రూముకి పోయింది.

ఆదివారం పొద్దున్నే ఆయన పిన్నిని వెంటబెట్టుకొచ్చారు. వంగిపోయిన ఆ మనిషికి కోటు మోకాళ్లు దాటి వేలాడుతోంది. నాడాలు వెడల్పుకి పనికొస్తాయిగాని పొడవుకి కాదుగా.

"కాళ్లకి తట్టుకుని మెట్ల మీద పడిందంటే మాటొచ్చేది అసోసియేషన్‌కే. కాస్త పొట్టి చేసిపెట్టండి" అని చెప్పి వెళ్లిపోయారు.

టైలరమ్మ నేల మీద మోకాళ్లు వేసి గుండుసూదులు గుచ్చింది. తలెత్తలేదు.

"ఇక్కడిదాకా చాలా పిన్నీ?"

"కుట్టేదానివి నువ్వు. నన్నడుగుతావేంటి?"

"కొయ్యనులే. లోపలికి మడిచి టాకాలేస్తా. తర్వాత వేసుకునేవాళ్లకి విప్పుకోవచ్చు."

"తర్వాతెవరూ ఉండరే" అంది పిన్ని. "నేను ఎవర్నీ పట్టివ్వను. కోసెయ్."

కత్తెర చేతిలో ఆగింది. పిన్ని ఎదురుచూస్తూ నిలబడింది. చివరికి టైలరమ్మ కోసింది. పసుపు పీలిక నేల మీద పడింది. అంచు మడిచి కుట్టి, తన చేతుల్తోనే తొడిగి, పక్కల నాడాలు కట్టింది.

పిన్ని వెళ్లింది. టైలరమ్మ యూనిఫాం గుడ్డ లాక్కుని మిషను ముందు కూర్చుంది. బయట మెట్ల మీద అడుగుల చప్పుడు. ఒక అడుగు, ఆగడం. ఇంకో అడుగు, ఆగడం. మూడో అంతస్తు మలుపు దగ్గర చాలాసేపు ఆగిపోయింది.

వినపడకుండా ఉండటానికి టైలరమ్మ మిషను ఇంకా గట్టిగా తొక్కింది. సోమవారానికి అన్నీ ఇచ్చేసింది.